పాలమూరు పల్లెలలో సంతాననియమనము

కృష్ణా తుంగభద్రల నడుమ నొదిగిన నడిగడ్డయందును, అక్కడినుండి తూర్పుగా వనపర్తి, కొల్లాపురము, నాగర్‌కర్నూలు మీదుగా నల్లమల యంచువరకు వ్యాపించిన మెట్టనేలయందును, గడచిన నూరేండ్లలో సామాన్యస్త్రీ జీవితమును మార్చిన సంగతు లేవియని విచారించువారు బడులను, బస్సులను, బోరుబావులను, జూరాల కాలువలను వరుసగా లెక్కింతురు గాని, ఏడెనిమిది కాన్పులు కన్న తల్లి కడుపున పుట్టిన కూతురు రెండు కాన్పులతో ఎట్లు చాలించుకొనగలిగినదను ప్రశ్నను మాత్రము తడవరు. నడిగడ్డవారైన సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రను ప్రకటించి తిండియు, బట్టయు, ఆటపాటలును, నమ్మకములును చరిత్ర కెక్కదగిన వస్తువులేయని నిరూపించిరి. 1952లో ఆయన వనపర్తినుండియే శాసనసభకు ఎన్నికైరి. ఆయన వేసిన దారిలో నడువదలచినవారికి కాన్పుల కథయు సాంఘికచరిత్రలో ఒక అధ్యాయమే కావలెను. అయితే ఈ అధ్యాయము కాగితములమీదకంటె మంత్రసానుల నోళ్ళలోను, అత్తాకోడండ్ర గుసగుసలలోను ఎక్కువగా నిలిచినది.

సంస్థానముల చరిత్రలలో సంతానప్రసక్తి లేకపోలేదు. కాని అదంతయు సంతానము లేకపోవుటను గూర్చిన వ్యథయే. గద్వాల సీతారామభూపాలుడు 1924లో పుత్రసంతానము లేక గతింపగా, ఆయన దేవేరి ఆదిలక్ష్మీదేవమ్మ సంస్థానభారమును తలకెత్తుకొని, నిజాము దర్బారుతో పెనుగులాడి, విలీనమువరకు దానిని నడపవలసివచ్చెను. కోటలో ఒక్క మగబిడ్డకై నోములును వ్రతములును జరుగుచున్న ఆ కాలముననే, కోటగోడల కావల మగ్గముల గుడిసెలలోను, జొన్నచేల గట్లమీదను, ఇక చాలునని మొక్కుకొన్న తల్లుల మొక్కును విన్న దేవుడు లేడు. పుట్టిన పదిమందిలో నలుగురైనను దక్కుదురో లేదోయను భయమున్నంతకాలము ఎవతెయు తన కాన్పులను లెక్కపెట్టుకొన సాహసింపలేదు. ఇది మన పూర్వుల అజ్ఞానముగాదు, లెక్క తెలిసిన జాగ్రత్త.

ఐనను కాన్పునకును కాన్పునకును నడుమ ఎడముంచవలెనను తెలివి మనవారికి లేదనుట పొరపాటు. క్రొత్తకోడలిని ఆషాఢమాసములో పుట్టింటికి పంపి, అత్తయు అల్లుడును ఒకే గడప దాటరాదని కట్టుబాటు చేసిన పెద్దలకు, ఆ నెలలో నిలిచిన గర్భము మండువేసవిలో ప్రసవమునకు వచ్చునను లెక్క తెలియకపోలేదు. పాలమూరు ఎండలలో, చెలిమలు కూడ ఎండిపోయిన చైత్రవైశాఖములలో, పురిటికూన ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. ఏడవనెలలో పుట్టింటికి పోయిన చూలాలు ప్రసవించిన పిదప మూడునెలలో ఐదునెలలో గడచినగాని మెట్టినింటికి రాకపోవుటయు, బిడ్డకు రెండేండ్లు, ఒక్కొక్కచో మూడేండ్లు చన్నిచ్చుటయు, పర్వదినములందును వ్రతదినములందును దంపతులు ఎడముగానుండుటయు, అన్నియు ధర్మమను పేర జరిగినవే గాని వాని ఫలము మాత్రము నియమనమే. బిడ్డ పాలు త్రాగుచున్నంతకాలము నెల తప్పదని మన ముసలమ్మలు నమ్మిరి. ఈ నమ్మకములో ఎంతపాలు నిజమని ఆధునిక శాస్త్రము పరిశోధించినది. ఇటలీలోని బెల్లాజియోయందు 1988లో కూడిన నిపుణులు, బిడ్డ వయస్సు ఆరునెలలు దాటకుండుట, రేయింబవళ్ళు తల్లిపాలుదక్క వేరాహారము ఇయ్యకుండుట, తల్లికి మరల ముట్టు రాకుండుట అను మూడును కలసియున్న యెడల నూటికి తొంబదియెనిమిది పాళ్ళు గర్భము నిలువదని తేల్చిరి. అందులో ఏ ఒక్కటి తప్పినను రక్ష తప్పినట్లే. ముసలమ్మల మాటను నమ్మి ఏడాది బిడ్డను చంకనుంచుకొని, ముట్టు చూడకుండగనే మరల గర్భిణియైన స్త్రీలు మన ప్రతి యూరిలోను ఉండిరి.

వైద్యగ్రంథములలో సైతము ఈ విషయము దాగియున్నది. భావప్రకాశ, యోగరత్నాకరాదులు పిప్పలి, వాయువిడంగములు, వెలిగారము సమభాగములుగా చూర్ణించి పాలతో సేవించు యోగమొకటి చెప్పినవి. మందారపువ్వును గూర్చియు చెప్పినవి. స్వాతంత్ర్యానంతరము ఆయుర్వేద పరిశోధనమండలివారు పిప్పల్యాదియోగమును పరీక్షకు పెట్టినమాట నిజమేగాని, అది నేటికిని ప్రభుత్వ కార్యక్రమములో చేరలేదు. కావున ఎవరును దానిని నమ్ముకొని నిశ్చింతగా నుండదగదు. గ్రంథములలోని మందులు పండితుల ఇండ్లలో నుండగా, పల్లెలలో చేతికి దొరకినవి జిల్లేడుపుల్లయు, ఎర్రచిత్రమూలపు వేరును. ఇవి గర్భము రాకుండ చేయునవి కావు, వచ్చినదానిని చెరచునవి. బిడ్డతోపాటు తల్లిని కూడ తీసికొనిపోవునవి. చాటున ఒక పుల్లతో పని ముగించుకొన్న విధవయు, ఐదుగురు బిడ్డల తల్లియు మూడవనాటికి చలిజ్వరముతో నోటమాట లేక పోయిన కథలు ఈ సీమలో ఏ ముసలమ్మ నడిగినను చెప్పును. 1971లో గర్భస్రావచట్టము వచ్చి, మరుసటియేడు ఏప్రిల్ మొదలు అమలైన పిదపగాని ఇది వైద్యుని చేతిలో జరుగదగిన పనిగా శాసనము గుర్తింపలేదు. శాసనము గుర్తించిన తరువాతను పుల్ల చాలయేండ్లు మానలేదు.

ఇక దేశములో ఈ ఉద్యమము నడచిన తీరు చూతము. మైసూరు సంస్థాన ప్రభుత్వము 1930లోనే బెంగుళూరు మైసూరు ఆసుపత్రులలో సంతాననియమన కేంద్రములను తెరచెను. ప్రభుత్వమే పూనుకొని ఇట్టిపని చేయుట ప్రపంచములో అదియే మొదలని చెప్పుదురు. 1935 డిసెంబరులో మార్గరెట్ సాంగరమ్మ వార్ధాకు వచ్చి గాంధీజీతో వాదించినపుడు, ఆయన నిగ్రహముదక్క వేరుమార్గము నొప్పుకొనలేదు. ఆ యభిప్రాయముయొక్క నీడ స్వతంత్రభారతముమీదను కొన్నాళ్ళు పడినది. ఆరోగ్యశాఖామంత్రిణి రాజకుమారి అమృతకౌర్ గారు గాంధేయురాలగుటచేత, ఉపకరణములకంటె దినముల లెక్కనే మేలుగా నెంచిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ పక్షమున వచ్చిన అబ్రహాం స్టోన్ అను వైద్యుడు 1950ల మొదట మైసూరు రాష్ట్రములోని రామనగరమునందును ఢిల్లీలోని లోధీకాలనీయందును ఆ పద్ధతిని ప్రయోగించెను. చదువురాని స్త్రీ దినములను ఎట్లు లెక్కించునని ఆలోచించి, రంగురంగుల పూసలదండ నొకదానిని కల్పించిరి: దినమున కొక పూస జరుపవలెను, ఒక రంగు వచ్చినపుడు దూరముగానుండవలెను, వేరొక రంగు వచ్చినపుడు భయములేదు.

ఈ పూసలదండ కథ నాకెప్పుడును ముచ్చటగొలుపును, దిగులును పుట్టించును. చీకటిలో రంగు తెలియదని పూసల ఆకారమును మార్చిరి. పిల్లలు దండను లాగి ఆడుకొనిరి. కొందరు తల్లులు దానిని తాయెత్తువలె నెంచి మెడలో వేసికొన్న చాలుననుకొనిరి. ఇంకను కొందరు, దండను చూచి ఇంటిగుట్టు ఊరందరికి తెలియునను సిగ్గుతో పెట్టె యడుగున దాచిరి. పథకము వేసినవారు పూసలనుగూర్చి ఎంతగానో యోచించిరిగాని, పూస ఏ రంగైనను ఆ రాత్రి కాదనుటకు ఆ స్త్రీకి అధికారము కలదా యని యోచింపలేదు. అర్ధశతాబ్ది గడచిన పిదప అమెరికాలోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయమువారు అదే దండను సరిదిద్ది, ఇరువదియారు మొదలు ముప్పదిరెండు దినముల లోపల క్రమముగా ముట్టు వచ్చు స్త్రీలకు మాత్రమే యని నియమించి, ఎనిమిదవదినము మొదలు పందొమ్మిదవదినమువరకు జాగ్రత్త యని తేల్చిచెప్పిరి. భార్యాభర్త లిరువురును ఒకమాటమీద నున్నచోట అది నేటికిని పనిచేయును. తక్కిన చోట్ల పూసలు పూసలే.

1965లో గర్భసంచిలో వేయు లూపు వచ్చెను. సర్పాకారమైన ఆ ప్లాస్టిక్కు తునుకమీద ప్రభుత్వము పెట్టుకొన్న ఆశ ఇంతింతగాదు. 1968లో మూడు పదునైదు పైసలకు నిరోధ్ అను మగవారి తొడుగు అంగడికి వచ్చెను. కుటుంబనియంత్రణ గురుతైన ఎర్రత్రికోణము గోడగోడకును, బస్సువెనుకను, పోస్టుకార్డుమీదను వెలసినది. నిరోధ్ సంగతి వేగముగా చెప్పి ముగింపవచ్చును: అది పురుషుని ఇష్టాధీనము, కావున చాల యిండ్లలో చేరనే లేదు. లూపు సంగతి అట్లు విడువదగినది కాదు. దానిని వేసినపిదప కొందరికి ముట్టు అధికమై ఎనిమిది పదిదినములు సాగెడిది. పట్టణపు వైద్యునికి ఇది చిన్న యిబ్బంది. జొన్నరొట్టెయు పచ్చిమిరపకాయ కారమును తిని, ముందే నెత్తురు చాలని పాలమూరు స్త్రీకి ఇది కూలి తప్పుటయు కన్నులు తిరుగుటయు. అంతేకాదు, ఆ దినములలో ఆమె వంటయిల్లు త్రొక్కరాదు, దీపము పెట్టరాదు, ఊరిదేవతకు బోనమెత్తరాదు. నెలలో మూడవపాలు ఆమెను బయట కూర్చుండబెట్టు సాధనమును ఏ అత్త సహించును? మందు శరీరములో చేయుపనిని లెక్కించిన నిపుణులు అది ఇంటిలో చేయుపనిని లెక్కింపలేదు. పైగా వేసినవారు మరల వచ్చి చూడకపోవుటచే, లూపు కడుపులో పైకెక్కి గుండెకు చేరునను వదంతి లేచి, దేశమంతటను మూడునాలుగేండ్లలో దాని పేరు చెడినది. అటుతరువాత వచ్చిన కాపర్ టీ దానికంటె మేలైనదైనను, ఈ పాతభయమును దాటుకొనివచ్చుటకు దానికి చాలకాలము పట్టెను.

అత్యవసర పరిస్థితి నాటి సంగతులు అందరికిని తెలిసినవే. 1976–77 ఒక్కయేట దేశమున 82 లక్షలకు పైగా సంతాననిరోధక శస్త్రచికిత్సలు, అనేకచోట్ల బలవంతముగా, జరిగెను. అందులో నాలుగింట మూడువంతులు మగవారివి. మరుసటియేడు మొత్తమంతయు తొమ్మిదిన్నర లక్షలకు పడిపోయెను. ఆ బలాత్కారమునకు జడిసిన రాజకీయములు పురుషుని మరల ముట్టుకొనలేదు. బరువంతయు స్త్రీమీదికి జారినది. మగవాని శస్త్రచికిత్స పది పదునైదు నిముషముల పని, కడుపు కోయనక్కరలేనిది, స్త్రీకి చేయుదానికంటె సుళువైనది. అయినను బరువులెత్తలేడు, మగతనము పోవునను మాటలు ఊరూర ప్రాకినవి. ఆ మాటలలో సత్యము లేదు. ఉత్తర తెలంగాణపు కరీంనగరము వరంగల్లు ప్రాంతములలో మగవారు దీనికి కొంత ముందుకు వచ్చుటను చూచినపుడు, ఇది తెలుగుమగవాని స్వభావమున నున్న దోషము కాదనియు, చెప్పువారు చెప్పిన వినువారుందురనియు తోచును.

ఇట్లు 1980ల నుండి పాలమూరు స్త్రీకి నియమనమన్న ఒక్కటే మిగిలినది: పిల్లల ఆపరేషను. దస్త్రములలో దానిని కు.ని. (కుటుంబనియంత్రణ) శస్త్రచికిత్స యందురు. మార్చినెల వచ్చుసరికి లక్ష్యములు నింపవలసిన ఉద్యోగులు, నర్సమ్మ మొదలు పట్వారీస్థానమున వచ్చిన గ్రామాధికారివరకు, ఇద్దరు బిడ్డల తల్లులకై వెదకెడివారు. శిబిరము బడిలోనో ఆసుపత్రి వరండాలోనో జరిగెడిది. తెల్లవారుజామున ఏమియు తినక వచ్చిన స్త్రీలు, చంటిబిడ్డలను తల్లుల చేతికిచ్చి, నుదుట అంటించిన ముక్కమీది అంకెతో వరుసగా కూర్చుండి, పిలిచినపుడు లేచిపోయి, సాయంకాలము పొత్తికడుపుమీద చేయి యదిమిపట్టుకొని జీపులోనో బండిలోనో ఊరికి మరలెడివారు. అడిగినవారికి చెప్పెడిది ఒకేమాట: “ఆపరేషనైపోయింది గదక్కా, ఇగ రంది లేదు.”

ఆ “రంది లేదు” అనుటను తేలికగా చూడరాదు. గుంపుమేస్త్రి వద్ద ముందుగా సొమ్ము పుచ్చుకొని, దసరా దాటగనే భర్తతోపాటు ఆనకట్టలకును, కాలువలకును, బొంబాయి పూనాలకును వలసపోవు స్త్రీ, గుడారములో ప్రతిరాత్రి మాలా-డి యను గర్భనిరోధక మాత్ర మ్రింగుట ఎట్లు? మాత్రలు తీరినపుడు ఏ ఊరి ఆసుపత్రి నడుగుట? కాపర్ టీ ఇబ్బందిపెట్టిన భాషరానిచోట ఎవరికి చెప్పుకొనుట? ఆ జీవితమునకు ఒకమారు చేయించుకొని మరచిపోదగిన ఉపాయమే తగినదిగా తోచినది. కావున మన స్త్రీలు అజ్ఞానముచేత కత్తిక్రిందికి పోయిరను వాదమును నేనొప్పుకొనను. వారు తమకున్నంతలో తెలివిగానే యెంచుకొనిరి. దోషమెక్కడనన్న, ఎంచుకొనుటకు వారి ముందర రెండవది పెట్టకపోవుటలో నున్నది. ఆపరేషను చేయించుకొన్నవారికి ఇంటిస్థలములలో ప్రాధాన్యమును, 1994 నాటి పంచాయతిరాజ్ చట్టములో ఇద్దరికి మించి బిడ్డలున్నవారు పోటీచేయరాదను నిబంధనయు, 1997 నాటి జనాభావిధానమును ఆ ఒక్కదారినే ఇంకను వెడల్పు చేసినవి.

ఒక్కమారు మాత్రము క్రొత్తసాధన మొకటి తెలంగాణ వాకిటికి వచ్చి, ఎదురుదెబ్బ తిని మరలిపోయినది. 1985లో హైదరాబాదునకు సమీపమున పటాన్‌చెరువు ఆరోగ్యకేంద్రములో నెట్-ఎన్ అను సూదిమందును స్త్రీలపై పరీక్షించుచుండగా, స్త్రీశక్తి సంఘటన యను మహిళాసంఘపు సభ్యులు పోయి విచారించిరి. వచ్చిన స్త్రీలకు ఇది పరీక్షయని తెలియదు. పిల్లలు పుట్టకుండ సూది యని మాత్రమే తెలియును. తెలంగాణ సాయుధపోరాటములోని స్త్రీల నోటిమాటలను మనకు తెలియని మన చరిత్ర యను పేర గ్రంథముగా వెలువరించిన సంఘటన ఇదియే. పోరాటకాలమున రహస్యజీవితములో బిడ్డలను కని ఎవరికో ఇచ్చివేయవలసివచ్చిన తల్లుల కథలను విన్నవారికి, ఈ విషయమునందు స్త్రీ సమ్మతి యెంతటి వస్తువో వేరుగ నేర్పనక్కరలేదు. ఢిల్లీలోని సహేలి యను మహిళాసంఘముతో కలసి వారు 1986లో సుప్రీముకోర్టు నాశ్రయించిరి. వ్యాజ్యము పదునాలుగేండ్లు నడచి, తగిన సౌకర్యములు లేనిచోట ఆ మందును ప్రభుత్వ కార్యక్రమములో వాడమను హామీతో 2000లో ముగిసినది. సూదిమందునకు విరోధమేయని కొందరు వారిని నిందించిరి. చెప్పక పొడుచుటకు విరోధమని నేననుకొందును.

ఒక్కదారి నడచిన ఫలము నేడు కనబడుచున్నది. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణ వివాహితలలో నూటికి అరువదిమందికి పైగా ఆపరేషను చేయించుకొన్నవారే. దేశముమొత్తముమీద ఈ సంఖ్య ముప్పదియెనిమిదికి లోపల. అందులో అనేకులు ఇరువదియైదేండ్లు నిండకమునుపే చేయించుకొన్నవారు. పదునెనిమిదింట పెండ్లి, ఇరువదిమూడింట ఆపరేషను, ముప్పదియైదింట గర్భసంచి తీసివేత యను వరుస మన పల్లెలలో వింతగాదు. గర్భసంచి తీసివేతలలో ఉభయ తెలుగు రాష్ట్రములు దేశమున ముందువరుసలో నున్నవి. 2016లో సుప్రీముకోర్టు ఈ శిబిరములను మూడేండ్లలో మాన్పవలెనని ఆజ్ఞాపించినది. అయినను 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నములో ఒక్కదినమున 34 మందికి శస్త్రచికిత్స చేయగా నలుగురు తల్లులు మరణించిరి. నల్లమలలోని అమ్రాబాదు పీఠభూమిమీద వేల సంఖ్యలోనే మిగిలిన చెంచులకు ఇట్టి శాశ్వతోపాయమును ఇతరులకువలెనే చెప్పుట తగునా యను ప్రశ్న మరియొకటి.

ఇప్పుడు దొరకు తక్కిన ఉపాయములను గూర్చి రెండుమాటలు చెప్పుట చరిత్రకారునికి తగనిపని కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనసంస్థలో పుట్టి, 1991లో సహేలి యను పేర అంగడికి వచ్చిన మాత్ర యొకటి కలదు. అది మన దేశపు సొంతసృష్టి, అందులో హార్మోనులు లేవు. ప్రభుత్వ కేంద్రములలో దానినే ఛాయ యని ఉచితముగా నిచ్చెదరు: మొదటి మూడునెలలు వారమునకు రెండు, తరువాత వారమునకు ఒక్కటి. ప్రతిరాత్రి జ్ఞప్తి యక్కరలేదు, పాలిచ్చు తల్లియు వాడవచ్చును. ముట్టు మాత్రము కొందరికి ఆలస్యమగును. అంతర యను సూది మూడునెలలకొకటి. ఎవరికిని కనబడదు, వలసపోవువారికి అనుకూలము. అయితే ముట్టు తప్పుటయో చుక్కచుక్కగా కనబడుటయో కలుగును, మానిన పిదప మరల గర్భము నిలుచుటకు ఏడుమొదలు పదినెలలు పట్టవచ్చును. కావున త్వరలో ఇంకొక బిడ్డను కోరువారికి అది తగదు. కాన్పైన వెంటనే ఆసుపత్రిలోనే వేయు కాపర్ టీ రకమునుబట్టి ఐదేండ్లో పదేండ్లో నిలుచును, కావలసినపుడు తీయించుకొనవచ్చును. నెత్తురు తక్కువయై ముట్టు అధికముగా నగువారు మాత్రము ముందుగా వైద్యురాలితో చెప్పవలెను. ఈ సంగతులు ఒక కాగితముమీద పట్టునవే. కాని 2011 జనగణన ప్రకారము అక్షరాస్యత సగమునకు దిగువననుండి రాష్ట్రములో అట్టడుగున నిలిచిన గద్వాల జిల్లాలో కాగితము చాలదు, ఆశా కార్యకర్త ఇంటి అరుగుమీద కూర్చుండి, భర్తయు అత్తయు వినుచుండగా, ఇంపును ఇబ్బందియు రెండును చెప్పవలెను.

మగవారికొరకు ఖరగ్‌పూర్ ఐఐటీలో సుజయ్ గుహ గారు 1970ల నుండి సాధించుచున్న సూదిమందు, 303 మందిపై జరిగిన పరీక్ష ఫలితములు 2023లో వెలువడిన పిదపను అంగడికి రాలేదు. అది వచ్చునంతవరకు ఆగనక్కరలేదు. కత్తిగాటు లేని మగవారి శస్త్రచికిత్స మన దేశమునకు వచ్చి మూడుపదులేండ్లు దాటినది. చేయించుకొన్న మూడునెలలవరకు జాగ్రత్తపడి, పరీక్ష చేయించుకొన్న చాలును. 2019–21 సర్వే ప్రకారము దేశమున దీనిని నమ్ముకొన్న దంపతులు వేయింటికి ముగ్గురు.